బోర్లించిన గ్లాసు

అమ్మ, నాన్న అనే మాటల తర్వాత నేను నేర్చుకున్న మూడో మాట "ఇంకొంచెం" అని మా అమ్మ ఇప్పటికీ కొత్తవాళ్ళకి చెబుతుంది. మొదటి రెండూ కూడా ఆ మూడో దానికోసమే నేర్చుకుని ఉంటానని మా తమ్ముడి అభిప్రాయం. వాడు నాకన్నా ఆరేళ్ళు చిన్న. వాడు పుట్టేసరికే ఇంట్లో ఆ మాట నా సొంతమైపోయింది కాబట్టి, పెట్టింది తిని ఊరుకోవడం వాడు నేర్చుకున్నాడు.

మాది అక్కుపల్లి పక్కన కొబ్బరితోటల్లో ఊరు. పెళ్ళయ్యాక పలాస వచ్చాను. మా ఆయన టెక్కలిలో గ్రానైటు పాలిష్ చేసే చోట పనిచేస్తాడు. పొద్దున ఏడింటికి క్యారేజీ పట్టుకుని బస్సెక్కితే దీపాలు పెట్టే వేళకి వస్తాడు. అమ్మాయి హాస్టల్లో చదువుతోంది. నేను జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు ఏరతాను. బల్ల ముందు కూర్చుని గుండు పప్పు ఒక పక్కకి, బద్దలు ఒక పక్కకి, ముక్కలు ఒక పక్కకి తోయాలి. నా బల్లకి నాలుగో పక్క కూడా ఒకటి ఉండేది. అది నా నోరు.

ఇది ఆకలేసి తినే మనిషి సంగతి కాదు. నలుగురి ముందు నేను చాలా పద్ధతిగా తినేదాన్ని. పెళ్ళిళ్ళలో రెండోసారి అన్నం వడ్డించడానికొస్తే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టేదాన్ని. పాపం ఏమీ తినదు, ఒంటి తత్వం అలాంటిది అని ఆడవాళ్ళు నా తరఫున వాదించేవారు. అసలు భోజనం నాలుగింటికి మొదలయ్యేది. ఫ్యాక్టరీ నుంచి వచ్చి, చేతిసంచీ భుజాన ఉండగానే పొయ్యి దగ్గర నిలబడి గిన్నెలోది గిన్నెలోనే తినేదాన్ని. మూత గట్టు మీద పెడితే చప్పుడవుతుందని గుడ్డ మీద పెట్టేదాన్ని. ఇంట్లో నేను తప్ప ఇంకెవరూ ఉండేవారు కాదు. మరి ఎవరు వింటారని ఆ గుడ్డ పరిచేదాన్నో నన్ను అడక్కండి. అన్నమయ్యాక బియ్యం డ్రమ్ములో దాచిన చేగోడీల పొట్లం తీసేదాన్ని. మొదటి రెండు చేగోడీలకే రుచి తెలిసేది, మిగతావి పొట్లం ఖాళీ అవ్వాలి కాబట్టి తినేదాన్ని. తర్వాత మా ఆయన కోసం మళ్ళీ అన్నం వండి, ఆయన పక్కన కూర్చుని మళ్ళీ పద్ధతిగా తినేదాన్ని. సిగ్గేసేది. సిగ్గేసినప్పుడు ఏం చేయాలో నాకు ఒక్కటే తెలుసు, అది కూడా ఆ డ్రమ్ములోనే ఉండేది.

మా తమ్ముడు ఊళ్ళోనే గునపం మీద కొబ్బరికాయలు ఒలిచేవాడు. వాడికి సంబంధాలు చూడడం మొదలుపెట్టిన ఏడే కాళ్ళు వాచాయి. మా వైపు కిడ్నీ జబ్బు ఇంటింటా ఉంది కాబట్టి కాళ్ళు వాచాయంటే చెప్పులు మార్చమని ఎవరూ చెప్పరు, తిన్నగా రక్తపరీక్షకి పంపుతారు. ఆ కాగితం మీద అంకె చూడగానే మా అమ్మ సంబంధాల మాట మానేసింది. రెండేళ్ళు మందులతో నడిచింది. తర్వాత వారానికి మూడు రోజులు పలాస వచ్చి డయాలసిస్ చేయించుకోవడం మొదలైంది. మధ్యాహ్నానికి మిషను మీద నుంచి దిగి మా ఇంటికొచ్చి, భోజనం వేళకి నేను కూడా ఫ్యాక్టరీ నుంచి వస్తే, ఇద్దరం కలిసి తిని, వాడు ఆటో ఎక్కి ఊరికెళ్ళేవాడు.

కిడ్నీ మారిస్తే మామూలు మనిషి అవుతాడని విశాఖలో పెద్ద డాక్టరు చెప్పారు. అమ్మకి సుగరు, ఆమెది పనికిరాదు. నాది అన్నీ కలిశాయి. మా ఆయన కాగితాల మీద సంతకం పెట్టేముందు రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు, మూడో రోజు పెట్టేశాడు. అంతా అయ్యాక డాక్టరు నన్ను బరువు చూసే మిషను ఎక్కమన్నారు. ఎక్కాను. ఇంత బరువు మీద కోస్తే నా ప్రాణానికే ముప్పు అనీ, ఇరవై కిలోలు తగ్గి రమ్మనీ, ఆలస్యం చేస్తే తమ్ముడి గుండె తట్టుకోదనీ ఆయన చాలా మెత్తగా చెప్పారు. గట్టిగా తిట్టి ఉంటే తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని. ఏం తినాలో రాసిన కాగితం ఒకటి చేతిలో పెట్టారు. తిరుగు రైల్లో ఆ కాగితం ఒళ్ళో పరుచుకుని, దాని మీద నాలుగు సమోసాలు పెట్టుకుని తిన్నాను. తమ్ముడు కిటికీ లోంచి చూస్తూ కూర్చున్నాడు. ఇంటికొచ్చేసరికి కాగితం మీద నూనె మరకలు తప్ప ఏమీ చదవడానికి లేదు, ఓట్స్ అన్న ఒక్క మాట మిగిలింది. ఓట్స్ కొన్నాను. రోజూ ఓట్స్ తిని, ఆ తర్వాత అన్నం తినేదాన్ని.

విషయం మా సంఘంలో తెలిసింది. మాది పాత బాప్టిస్టు సంఘం, ఒకరికి కష్టమొస్తే గొలుసు ఉపవాసం పెడతారు. అంటే నలభై రోజులు రోజుకో ఇంటివాళ్ళు పస్తుండి ప్రార్థన చేయాలి, గొలుసు తెగకూడదు. ఆదివారం ఆరాధనలో పాస్టరమ్మ మైకు పట్టుకుని, మన సహోదరుడి స్వస్థత కోసం, అతని అక్కగారి బరువు తగ్గడం కోసం అని అందరికీ వినపడేలా చెప్పింది. నాకు ఆవిడంటే గౌరవమే. ఆ ఒక్క ఆదివారం మాత్రం లేదు.

ఇందులో ఒక ఇబ్బంది ఉందని ఎవరికీ తోచలేదు. పొద్దుటి నుంచి పస్తున్న ఇంటివాళ్ళు సాయంత్రం ఆరింటికి ప్రార్థన చేసి ఉపవాసం విడుస్తారు. ఎవరి కోసం ఉపవాసమో వాళ్ళ మనిషి ఆ ప్రార్థనలో ఉండాలి. తమ్ముడు ఊరికెళ్ళిపోతాడు కాబట్టి ఆ మనిషి నేనే. ఉపవాసం విడవడమంటే మా వాళ్ళకి ఒక అరటిపండు కాదు. పులిహోర, కోడికూర, సేమ్యా పాయసం. నేను వద్దంటే వాళ్ళ ఉపవాసం నేను చులకన చేసినట్టు. నలభై ఇళ్ళలో ముప్ఫై ఎనిమిది ఇళ్ళకి వెళ్ళాను. ఒకరోజు వాన, ఇంకోరోజు విరేచనాలు. నేను బరువు తగ్గాలని సంఘమంతా నలభై రోజులు వంతులవారీగా మాడింది. వాళ్ళందరి తరఫునా తిని నేను మూడు కిలోలు పెరిగాను.

నేను బరువు చూసుకునేది డయాలసిస్ కేంద్రంలోనే. అక్కడ మిషను ఎక్కేముందు, దిగాక తమ్ముడి బరువు చూస్తారు, ఎంత నీరు చేరిందో ఎంత తీశారో తెలియడానికి. భోజనం వేళకి వాణ్ణి తీసుకురావడానికి వెళ్ళినప్పుడు వాడి వెనకాలే నేను ఎక్కేదాన్ని. ఆ రోజు అంకె చూసి వాడు డయాలసిస్ మిషను వైపు వేలు చూపించాడు. మా వైపు అక్కని అప్ప అంటారు.

"ఇద్దర్నీ ఒకే మిషనుకెట్టీమందాం అప్పా. నా నీల్లూ, నీ పులిహోరా ఒకేపాలి లాగీసి ఇంటికంపేత్తారు," అన్నాడు.

నవ్వాను. నవ్వి ఇంటికొచ్చి, వాడెళ్ళిపోయాక గిన్నె దగ్గర నిలబడి ఏడ్చాను, ఏడుస్తూ తిన్నాను. వాడు బతకడం నా నోటి మీద ఆధారపడి ఉంది, నా నోరు మాత్రం నా మాట వినడం లేదు. నా మీద నాకు అంత కోపం అంతకు ముందెన్నడూ రాలేదు. కోపమొస్తే కూడా నేను చేసేది అదే కదా.

అప్పటికి ఏడాది నుంచి వాడు నా ఎదురుగానే కూర్చుని తింటున్నాడు. ఒక్కసారి కూడా వాణ్ణి నేను సరిగ్గా చూడలేదు, నా కంచం చూసుకోవడంతో సరిపోయేది. తర్వాతి భోజనానికి ఎందుకో చూశాను. వాడు సంచీలోంచి టీ తాగే చిన్న స్టీలు గ్లాసు తీశాడు. డయాలసిస్ వాళ్ళకి నీళ్ళు కొలతే, రోజు మొత్తానికి ఆ గ్లాసుతో ఐదు. ఏప్రిల్ ఎండ. అన్నం తిన్నాక గ్లాసు నింపి, ఒక గుక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. మింగాడు. చాలాసేపటికి ఇంకో గుక్క. ఆ చిన్న గ్లాసు పావుగంట తాగాడు. తాగాక గ్లాసు కడిగి, గట్టు మీద బోర్లించి, వరండాలోకెళ్ళి కూర్చున్నాడు. పక్కనే నిండు కూజా ఉంది. దాని వంక చూడలేదు.

దాహం తీరిందా అని అడిగాను. కొబ్బరితోటల్లో పుట్టి, బోండాలు దింపి పదిమందికి తాగించి, తను ఒక్క గుక్క తాగడానికి లేని మనిషిని అడగవలసిన ప్రశ్న కాదు. వాడికి కోపం రాలేదు.

"దాహం తీరదప్పా. తీరిన తరవాత ఆపుదామనుకుంతే నాను ఎప్పుడో పోదును," అన్నాడు. "గ్లాసు బోర్లించీసినాననుకో, సెయ్యాగిపోద్ది. దాహం దాని మానాన అది ఉంటాది. సెయ్యాగితే సాలు."

ఇన్నాళ్ళూ నేను తిండి యావ ఆగే రోజు కోసం ఎదురుచూశాను. ఆగదని, ఆగనక్కర్లేదని నాకు ఎవరూ చెప్పలేదు. డాక్టరు కాగితంలో కూడా ఆ మాట ఉన్నట్టు లేదు, ఉంటే నూనె కింద పోయి ఉంటుంది.

మర్నాటి నుంచి కంచంలో పెట్టుకుని కూర్చుని తినడం మొదలుపెట్టాను. వినడానికి ఇది పెద్ద సంగతిలా లేదని నాకు తెలుసు. ఏది తిన్నా కంచంలోనే, కూర్చునే, ఒక్కసారే. తిన్న వెంటనే లేచి కంచం కడిగి, గట్టు మీద బోర్లించి, వరండాలోకి వెళ్ళిపోవాలి. బోర్లించిన కంచాన్ని మళ్ళీ తిప్పకూడదు. బోర్లించగానే తమ్ముడికి ఒక మిస్డ్ కాల్. వాడు గ్లాసు బోర్లించాక నాకు ఒక మిస్డ్ కాల్. మాటల్లేవు, రెండు రింగులు. మధ్యాహ్నం రెండు దాటినా నా దగ్గర్నుంచి రాకపోతే వాడే చేసి, ఏమీ అడక్కుండా, మా ఊళ్ళో గాలి ఎటు వీస్తోందో చెప్పేవాడు. నాలుగింటికి ఫ్యాక్టరీ నుంచి రాగానే ఇంట్లోకి వెళ్ళకుండా స్టేషను దాకా నడిచి, మా ఆయన బస్సు వచ్చే వేళకి తిరిగొచ్చేదాన్ని. నా నడక చూసి మా వీధిలో వాళ్ళు నేను ఎవరితోనో పోట్లాటకి వెళ్తున్నాననుకునేవారు. ఫ్యాక్టరీలో పప్పు ఏరేటప్పుడు మూతికి మాస్కు కట్టుకున్నాను. జలుబా అని అడిగారు. అవునన్నాను. ఏడాది పాటు జలుబు చేసింది.

మా ఇళ్ళలో బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు దేవుడి డబ్బాలో వేసి ఆదివారం గుడికి పట్టుకెళ్ళడం అలవాటు. నేను రెండో పిడికిలి కూడా తీశాను. అది నేను తినకూడని పిడికిలి. మూడో నెలకి అది మూడు పిడికిళ్ళయింది. ఆదివారం నా డబ్బా చూసి పాస్టరమ్మ అందరి ముందూ నా భక్తి గురించి మాట్లాడింది. నేను డబ్బా అక్కడ పెట్టి వచ్చి కూర్చున్నాను.

బరువు తగ్గింది. ఒక వారం అరకిలో, ఒక వారం ఏమీ లేదు, ఒక వారం కిలో. అమ్మ ఊరి నుంచి వచ్చి నన్ను చూసి గుమ్మంలోనే కూలబడింది. ఒకడు చిక్కిపోతే చాలదా అని ఏడ్చింది. కూర గిన్నె నా ముందుకి తోసి, "ఇంకొంచెం ఏసుకో," అంది. నేను కంచం తీసుకెళ్ళి కడిగి బోర్లించాను. "ఒకడికి నీల్లొద్దు, ఒకితికి కూడొద్దు. మరి నానెవుల కోసం వండాల?" అని గోడనడిగింది. ఆ మాటకి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కానీ కంచం తిప్పలేదు.

పద్నాలుగు కిలోలు తగ్గిన నెలలో డయాలసిస్ కేంద్రంలో తమ్ముడి పక్క మంచం ఖాళీ అయింది. దాని మీద వజ్రపుకొత్తూరు వైపు పెద్దాయన ఒకరు ఉండేవారు. మిషను కట్టినంతసేపూ తన పడవ గురించి చెప్పేవారు. సోమవారం ఆయన రాలేదు. బుధవారం ఆ మంచం మీద వేరే మనిషి ఉన్నాడు. ఆ సాయంత్రం నడకకి వెళ్ళకుండా తిన్నగా వంటింట్లోకి వెళ్ళాను. గుడ్డ పరిచి మూత దాని మీద పెట్టాను. వారం రోజులు అలాగే గడిచింది. మధ్యాహ్నం కంచం బోర్లించి మిస్డ్ కాల్ ఇస్తూనే ఉన్నాను, సాయంత్రం గిన్నెలో తింటూనే ఉన్నాను. అబద్ధం కూడా రెండు రింగులే కాబట్టి వాడికి తెలియలేదు.

మళ్ళీ బుధవారం వాడి వెనకాల మిషను ఎక్కాను. నాలుగు కిలోలు పెరిగాను. వాడు అంకె చూశాడు. ఇద్దరం ఇంటికొచ్చాం. అన్నం తిని, గ్లాసు బోర్లించి, అప్పుడన్నాడు.

"అప్పా, నాకు నీ కిడ్నీ వొద్దు. డాక్టరుకి నానే సెప్పెత్తాను, భయమేసిందనో ఏదో ఒకటి. నీ మీదకి మాట రాదు. నువ్వు నీ ఇష్టమొచ్చినట్టు తిను."

జాలిగా అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. వాడు చావడానికి సిద్ధపడి, దానికి కారణం కూడా నా మీద పడకుండా సర్దుతున్నాడు. నేను మాత్రం మూత కింద గుడ్డ సర్దుకుంటున్నాను.

"నీకొద్దో కావాలో తరవాత సెప్పుదువు గాని, ముందు లెగు," అన్నాను. "నానెక్కడ తింతన్నానో సూపిత్తాను."

వంటింట్లోకి తీసుకెళ్ళి డ్రమ్ము మూత తీసి, బియ్యంలో చెయ్యి పెట్టి పొట్లాలు ఒక్కొక్కటీ బయటికి తీశాను. గుడ్డ చూపించాను. ఎన్నాళ్ళ నుంచో చెప్పాను. మా ఆయనకి తెలియనిది, మా అమ్మకి తెలియనిది, దేవుడికి చెప్పేటప్పుడు కూడా కొంచెం తగ్గించి చెప్పేది, మొత్తం చెప్పాను. పక్క మంచం పెద్దాయన గురించి కూడా చెప్పాను, నాకు భయమేసిందని చెప్పాను. వాడు నేల మీద కూర్చుని విన్నాడు. విన్నాక ఆ గుడ్డ తీసుకుని మడత పెట్టి సంచీలో పెట్టుకున్నాడు. తనకి కూడా భయంగానే ఉందని, ఆ పెద్దాయన పోయిన రోజు దారిలో ఒక బోండాం కొట్టించుకుని, నోటి దాకా తీసుకెళ్ళి పారబోశానని చెప్పాడు. అప్పటి నుంచి నా సాయంత్రాలకి కూడా మిస్డ్ కాల్ వచ్చింది.

ఇంకో నాలుగు నెలలకి విశాఖలో మిషను ఎక్కాను. డాక్టరు అంకె చూసి, మళ్ళీ చూసి, తారీఖు రాశారు.

ఆపరేషను గురించి చెప్పడానికి నా దగ్గరేమీ లేదు, ఇద్దరికీ మత్తు ఇచ్చారు. లేచేసరికి పక్కటెముకల కింద మంట, మా ఆయన చెయ్యి నా చేతిలో. తమ్ముడికి అప్పుడే మూత్రం వచ్చిందని చెప్పాడు. మూడేళ్ళుగా సరిగ్గా రానిది. నర్సు కొలిచే జాడీ పట్టుకుని వరండాలో వెళ్తుంటే మా అమ్మ దానికెదురుగా నిలబడి రెండు చేతులూ ఎత్తి స్తోత్రం చెప్పిందట. ఆ నర్సు ఏం చేయాలో తెలియక జాడీతో సహా ఆమెన్ చెప్పిందట.

నాలుగో రోజు నన్ను మూతికి గుడ్డ కట్టి వాడి గదిలోకి పంపారు. నర్సు నాకు ఫిర్యాదు చేసింది. కొత్త కిడ్నీకి నీళ్ళు కావాలి, బాగా తాగమని చెబుతున్నాం, మీ తమ్ముడు తాగడం లేదు, మీరైనా చెప్పండి అంది. వాడు ఊరి నుంచి తెచ్చుకున్న స్టీలు గ్లాసే వేడినీళ్ళలో మరిగించి ఇచ్చారు. నా కళ్ళ ముందే ఒక గ్లాసు పోసుకున్నాడు. ఒక గుక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. పావుగంట తాగాడు. తాగి, గ్లాసు బల్ల మీద బోర్లించి, నా వంక చూశాడు.

కుట్లు లాగుతుంటే నెమ్మదిగా వంగి, ఆ గ్లాసు తిప్పాను. నిండా నీళ్ళు పోశాను. కంచం ముందు మానేసిన మాట, ఏడాదిగా నా నోట్లో అణిచిపెట్టిన మాట, బయటికొచ్చింది.

"ఇంకొంచెం తాగు," అన్నాను.

"సాలదా అప్పా?"

"సాలదు."

వాడు గ్లాసు వంక అనుమానంగా చూశాడు. తర్వాత తల వెనక్కి వాల్చి, మధ్యలో ఎక్కడా ఆపకుండా తాగాడు. గొంతులో గుటకలు పైకి వినపడ్డాయి. తాగాక గ్లాసు బోర్లించబోయి, ఆగి, నా ముందుకి చాచాడు.

"ఇంకొంచెం పొయ్యప్పా," అన్నాడు.

పోశాను.